మూత దగ్గర తెలిసే పనితనం: టొకొనమె క్యూసుతో పద్నాలుగు నెలలు

ఈ క్యూసు కొన్న రోజున మా నాన్న దుకాణంలోనే దాని మూతను వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "బాగా కూర్చుందిరా" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆయన ముప్పై ఆరేళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. "కూర్చుంది" అన్న మాట ఆయన నోటి నుంచి అంత తేలిగ్గా రాదు. అప్పటి నుంచి ఇప్పటికి పద్నాలుగు నెలలు. రోజూ ఉదయం ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి ఇందులో టీ చేసుకుంటున్నాం. ఆయన మాట ఎంత నిజమో ప్రతి పూటా చేతికి తెలుస్తూనే ఉంది.

క్యూసు అంటే జపాను పచ్చ టీ చేసుకునే చిన్న మట్టి పాత్ర. మనం చూసే టీ కెటిల్‌కు ముక్కు ఒకవైపు ఉంటే పిడి సరిగ్గా దానికి ఎదురువైపు ఉంటుంది. దీనికి అలా కాదు. పిడి పక్క నుంచి పొడుచుకు వస్తుంది. లోపల డొల్లగా ఉన్న మట్టి గొట్టం అది, అందుకే వేడెక్కదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, బొటనవేలితో మూతను అదిమి, మణికట్టు తిప్పితే టీ పడుతుంది. మోచెయ్యి లేపే పని లేదు. ముక్కుకూ పిడికీ మధ్య కోణం సరిగ్గా తొంభై డిగ్రీలు కాకుండా దానికి కొంచెం తక్కువగా పెడతారు. మణికట్టు సహజంగా ఎంత తిరుగుతుందో ఆ లెక్కకు సరిపోయే కోణం అది.

నేను జపానులోని నగొయా నగరంలో ఉండి తొమ్మిదేళ్ళయింది. కార్ల విడిభాగాలు చేసే కర్మాగారంలో తనిఖీ విభాగంలో పని. రోజంతా కొలతలే. అయినా మొదటి క్యూసు విషయంలో పొరబడ్డాను. వచ్చిన కొత్తలో ఆన్‌లైన్లో ఒకరి దగ్గర తక్కువ ధరకు కొన్నాను. చేత్తో చేసినదని రాశారు. మూత పట్టుకుని కదిపితే గలగలలాడేది. వంచితే ముక్కులోంచి కొంత, మూత సందులోంచి కొంత టీ వచ్చి వేళ్ళ మీద పడేది. పొయ్యడం ఆపాక ముక్కు కింది నుంచి ఒక ధార పొట్ట మీదుగా జారి బల్ల మీద మరక చేసేది. లోపల వడకట్టడానికి స్టీలు తీగల బుట్ట. ఆకు దానిలో ఇరుక్కుని విచ్చుకునేది కాదు. ఏళ్ళ తరబడి దానితోనే సరిపెట్టుకున్నాం. పచ్చ టీ అంటేనే కాస్త చేదు, కాస్త చిరాకు అనుకున్నాం.

పోయిన ఏడాది చలికాలం ముందు నాన్న వచ్చారు. ఆయనకు చూపించడానికి గుళ్ళూ కోటలూ ఉన్నాయి గానీ, ఆయన చేతిపని చూసి సంతోషించే మనిషి. అందుకే ఒక ఆదివారం టొకొనమె తీసుకువెళ్ళాను. నగొయా నుంచి మెయితెత్సు రైల్లో అరగంట పైచిలుకు. చితా ద్వీపకల్పం పడమటి ఒడ్డున ఉన్న ఊరు. విమానంలో నగొయాకు వచ్చే మనవాళ్ళంతా నిజానికి దిగేది ఆ ఊళ్ళోనే. 2005లో తెరిచిన విమానాశ్రయం ఆ ఊరి ఎదుట సముద్రంలో కట్టిన దీవి మీద ఉంది. జపానులో మధ్యయుగం నుంచి నేటిదాకా ఆరకుండా నడుస్తున్న ఆరు పాత కుమ్మరి ఊళ్ళని ఒక లెక్కగా చెబుతారు. వాటిలో టొకొనమె ఒకటి. పన్నెండో శతాబ్దం నుంచి అక్కడ పెద్ద పెద్ద జాడీలు కాల్చారు. తర్వాతి కాలంలో మురుగునీటి గొట్టాలు కాల్చారు.

ఆ గొట్టాలు ఇప్పటికీ ఊరి గోడల్లో ఉన్నాయి. స్టేషను నుంచి కాస్త నడిస్తే కుమ్మరుల కాలిబాట మొదలవుతుంది. చిన్న చుట్టు 1.6 కిలోమీటర్లు. దొకన్‌జక అనే ఎత్తుదారిలో ఒకవైపు గోడ అంతా మట్టి గొట్టాలు, ఇంకోవైపు పాత సారా జాడీలు, వరసలు వరసలుగా. కాళ్ళ కింద కూడా బట్టీ వ్యర్థాలే పరిచారు, జారకుండా. నాన్నకు మోకాళ్ళ నొప్పి. అయినా ఎక్కడా ఆగలేదు. 1887లో కట్టిన మెట్ల బట్టీ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డారు. కొండవాలున ఎనిమిది గదులు, పై చివర పది పొగగొట్టాలు. 1974లో చివరిసారి కాల్చారు. పొగగొట్టాలు ఒక్కో ఎత్తులో ఉండటం చూసి, "మధ్యవి పొట్టివి, చివరివి పొడుగువి. మంట రెండు పక్కలకూ సమంగా లాగడానికి" అని తనే చెప్పుకున్నారు. అక్కడి పలక మీద దాదాపు అదే రాసి ఉంది.

మేం కొన్న దుకాణం ఆ బాటలోనే ఒక పాత ఇంట్లో ఉంది. ముందు గది దుకాణం, వెనక గది పనిశాల. మధ్యన తలుపు లేదు. కుమ్మరికి డెబ్బై దాటి ఉంటాయి. మేం వెళ్ళేసరికి ఆయన సారె ముందు లేరు. నేల మీద కూర్చుని, కాల్చిన క్యూసు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, మూతకూ కుండ అంచుకూ మధ్య బూడిదరంగు గరుకు ముద్ద రాసి, కాసిన్ని నీళ్ళు చల్లి, మూతను తిప్పుతున్నారు. గరగరమని చప్పుడు. నాన్న అక్కడే ఆగిపోయారు.

"ఒరేయ్, ఈయన వాల్వు గ్రైండింగ్ చేస్తున్నాడు" అన్నారు.

నిజంగా అదే పని. ఇంజను హెడ్డులో వాల్వు తన సీటు మీద సందు లేకుండా కూర్చోవాలి. లేకపోతే కంప్రెషను పోతుంది. అందుకు రెండింటి మధ్య గ్రైండింగ్ పేస్టు రాసి, చిన్న కర్రకు రబ్బరు బొడిపె ఉన్న పనిముట్టుతో పట్టుకుని, రెండు అరచేతుల మధ్య చిలుకుతున్నట్టు తిప్పుతారు. మొదట గరగరలాడుతుంది. గరుకు పోయేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. చివరికి పట్టు మీద పట్టు జరిగినట్టు ఉంటుంది. అప్పుడు తుడిచి, పోర్టులో కిరోసిన్ పోసి, చుక్క కారుతుందేమో చూస్తారు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాన్న షెడ్డులో కూర్చుని నేను రోజంతా విన్న చప్పుడు అదే.

ఇక్కడ కిరోసిన్ బదులు నీళ్ళు. కుమ్మరి ఆ మూత తుడిచి పెట్టి, కుండలో నీళ్ళు పోసి వంచారు. సన్నటి ధార పడుతోంది. అలా పడుతుండగానే మూత మీదున్న చిన్న గాలి రంధ్రాన్ని వేలితో మూశారు. ధార ఆగిపోయింది. వేలు తీస్తే మళ్ళీ పడింది. గాలి లోపలికి పోయే దారి ఆ ఒక్క రంధ్రం తప్ప మరొకటి లేదని దాని అర్థం. నాన్న ముఖం వెలిగిపోయింది. నేను జపానులో ఆయనకు చూపించినవాటిలో ఇంత సంతోషపెట్టినది మరొకటి లేదు.

నేను ఆయన వృత్తి చెప్పగానే కుమ్మరి పక్కనున్న ఇంకో కుండా మూతా తీసి నాన్న చేతిలో పెట్టారు. నాన్న నేల మీద చతికిలబడి, నాలుగు తిప్పులు తిప్పడం, మూత కొంచెం లేపి పావు చుట్టు జరపడం, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టారు. అరుగుదల ఒకేచోట పడకుండా వాల్వులకు అలాగే చేస్తారు. కుమ్మరి ఆ లేపడం చూసి తల ఊపి, నా వైపు తిరిగి ఒకటే మాట అన్నారు: "చేయి తెలిసినవారు." ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ముసలివాళ్ళు, మధ్యన నేను. నేను చెప్పాల్సింది కూడా పెద్దగా ఏమీ లేకపోయింది.

ఆ తర్వాత అడిగి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను, ఎందుకంటే ధర ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. కుండ, ముక్కు, పిడి, మూత నాలుగూ సారె మీద వేరువేరుగా తీస్తారు. వడపోత జల్లెడను పల్చటి మట్టి గుండీలా చేసి, పచ్చిగా ఉండగానే ఒక్కొక్క రంధ్రం పొడుస్తారు. అన్నీ ఒకే మోతాదులో ఆరాక, జల్లెడనూ ముక్కునూ పిడినీ పలుచని మట్టితో కుండకు అతుకుతారు. ఒకటి ఎక్కువ ఆరి, ఒకటి తక్కువ ఆరితే అతుకు దగ్గర పగులుతుంది. ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కలిపి మట్టి పదో వంతుకు మించి కుంచించుకుపోతుంది. అందుకని మూతను కుండ మీదే పెట్టి రెండూ కలిపి కాలుస్తారు, కుంచించుకుపోయినా జతగా పోవాలని. కాలి బయటికొచ్చాక మిగిలిన వెంట్రుకవాసి తేడాను గరుకు ముద్దతో అరగదీస్తారు. కాబట్టి ఈ మూత ఈ కుండదే. పగిలితే మరో మూత ఉండదు. కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మట్టి ఎర్రగా ఉంటుంది, దాన్ని షుదెయ్ అంటారు. ఇనుము ఎక్కువున్న మట్టి. గాలి బాగా ఆడే మంటలో 1100 డిగ్రీలకు పైన కాలిస్తే ఇటుకకూ కుంకుమకూ మధ్య రంగు వస్తుంది. అదే మట్టిని గాలి తగ్గించి కాలిస్తే నల్లబడుతుంది. ఇక్కడ ఎర్రమట్టి క్యూసు మొదట చేసినది సుగియె జుమోన్, 1854లో. చైనాలోని యీషింగ్ ఎర్ర టీ కుండల మీద అప్పటి జపాను పండితులకు మోజు ఉండేది. 1878లో కొయియె హోజు అనే ఊరి పెద్ద జిన్ షిహెంగ్ అనే చైనా పనివాణ్ణి పిలిపించి, ఆ పద్ధతులు స్థానికులకు నేర్పించాడు. నేర్చుకున్నాక ఊరివాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. యీషింగ్‌లో మట్టి పలకలు తట్టి చేస్తే ఇక్కడ సారె మీద తీస్తారు. ఈ పనిలో మూడో యమద జోజన్‌ను 1998లో జపాను ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. మేం కొన్నది అంత పేరున్నవారి చేతిది కాదు. కానీ ఆ ఊళ్ళో పేరు లేని చేతులు కూడా ఏ ప్రమాణానికి లోబడి పని చేస్తాయో అర్థం కావాలంటే ఇదంతా తెలియాలి.

ఇక మా క్యూసు. 250 మిల్లీలీటర్లు పడుతుంది. వంటింటి తూకం మీద 228 గ్రాములు. పైన మెరుగు పూత లేదు, లోపలా లేదు. కొన్నప్పుడు వేలితో రుద్దితే బాగా ఆరిన గచ్చునేలలా పొడిగా ఉండేది. ఇప్పుడు పిడి దగ్గరా మూత గుబ్బ దగ్గరా చెయ్యి తగిలి తగిలి నునుపెక్కింది. ధర 16,500 యెన్లు, పన్నుతో కలిపి.

ఇంటికొచ్చాక నేను నా అలవాటు కొద్దీ ఫీలర్ గేజి తీశాను. సందులు కొలిచే సన్నటి ఉక్కు రేకుల కట్ట అది. మూత ఆనే చోట ఉన్నవాటిలోకెల్లా పల్చటి 0.05 మిల్లీమీటర్ల రేకుతో చుట్టూ ప్రయత్నించాను. ఎక్కడా దూరలేదు. మా కర్మాగారంలో ఈ పని కోట్ల విలువైన యంత్రాలు చేస్తాయి. ఇక్కడ చేసినది ఒళ్ళో కుండ పెట్టుకున్న మనిషి, చెవితో విని.

జల్లెడ చూడాలంటే కుండను కిటికీ వైపు పట్టుకుని లోపలికి తొంగి చూడాలి. ముక్కు మొదట్లో లోపలివైపు చిన్న బుడిపెలా ఉబ్బి ఉంటుంది. దాని మీద ఆవగింజ కన్నా చిన్న రంధ్రాలు. లెక్కపెట్టబోయి నూట అరవై దగ్గర తప్పిపోయాను. ఆ ఉబ్బు ఉండటం వల్ల ఆకు ఒకచోట అడ్డుపడినా పక్క రంధ్రాల్లోంచి టీ పోతుంది. సన్నగా నలిగిన ఆకు వాడితే మాత్రం రెండు మూడు రోజులకొకసారి రంధ్రాలు పూడుకుపోతాయి. పళ్ళు తోముకునే మెత్తటి బ్రష్షు ఒకటి దీనికోసమే పెట్టాం. సబ్బు తగలనివ్వకూడదు. మట్టి పీల్చుకుంటుంది. వేడినీళ్ళతో కడిగి మూత తీసి ఆరబెట్టడమే.

ముక్కు గురించి ఒక ముఖ్యమైన సంగతి. కొత్త క్యూసు ముక్కు చివర ఒక ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దారిలో అంచు విరగకుండా పెట్టేది. చాలామంది అది క్యూసులో భాగమే అనుకుని అలాగే ఉంచుకుంటారు. నా మొదటి క్యూసుకు నేనూ చాలాకాలం ఉంచాను. దాని కింద తడి చేరి నాచు పడుతుంది, టీ ధార కూడా చెడుతుంది. కొనగానే తీసేయండి. తీశాక తెలుస్తుంది ఆ అంచు కోత. మా అమ్మమ్మ ఇంట్లో ఇత్తడి కొమ్ముచెంబు ఉండేది. ఎంత మెల్లగా వంచినా చివరి నీళ్ళు కొమ్ము కిందుగా కారి చేతి గాజుల్లోకి పోయేవి. ఈ క్యూసు ముక్కు అంచు పెదవిలా కొంచెం కిందికి వంగి, వెంటనే పదునుగా తెగుతుంది. మణికట్టు వెనక్కి తిప్పగానే చుక్క అక్కడే తెగి, ఒకటి కప్పులో పడుతుంది, ఒకటి వెనక్కి పోతుంది. పొట్ట మీదికి జారదు. పద్నాలుగు నెలల్లో బల్ల తుడిచిన గుర్తు లేదు.

ఆ చివరి చుక్క సంగతి ఊరికే చెప్పలేదు. టీ రుచంతా చివరి చుక్కల్లోనే చిక్కగా ఉంటుంది. కుండలో కాస్త మిగిలితే ఆకు నానుతూ ఉండి రెండో విడత చేదెక్కుతుంది. అందుకని పూర్తిగా ఒంపేయాలి. మేం చేసే తీరు ఇది: ఇద్దరికి నాలుగైదు గ్రాముల సెంచా (జపాను పచ్చ టీ ఆకు), మరిగించి డెబ్బై అయిదు డిగ్రీలకు దించిన నీళ్ళు, ఒక నిమిషం. తర్వాత రెండు కప్పుల్లో కొంచెం కొంచెంగా మార్చి మార్చి పొయ్యడం, రెండింట్లో చిక్కదనం ఒకటే ఉండేలా. చివర మూడు నాలుగు సార్లు మెల్లగా విదిలించడం. రెండో విడతకు నీళ్ళు కాస్త వేడిగా, పది పదిహేను సెకన్లు చాలు. మూడోదీ బాగుంటుంది. పాత క్యూసులో మాకు రెండోది ఎప్పుడూ తాగేలా ఉండేది కాదు. తప్పు ఆకుది కాదని ఇప్పుడు తెలిసింది.

మట్టిలోని ఇనుము టీ చేదును మెత్తబరుస్తుందని టొకొనమెలో అందరూ చెబుతారు. ఒకే ఆకు, ఒకే వేడి, ఒకే సమయం పెట్టి దీనిలోనూ పింగాణీ పాత్రలోనూ చేసి, ఏది ఏదో తెలియకుండా కప్పులు మార్చి తాగి చూశాం. నాకు తేడా కొంచెం తెలిసింది, మట్టిదానిలో నాలుక వెనక పట్టు తక్కువ. మా ఆవిడకు తెలియలేదు. కాబట్టి రుచి మారుతుందన్న ఆశ ఒక్కదానితోనే ఇంత డబ్బు పెట్టమని నేను చెప్పను. చేతిలో ఉన్నప్పటి తీరుకు, పోసేటప్పటి కుదురుకు పెట్టమంటాను.

ఇంకో పరీక్ష అక్కడివాళ్ళు చూపిస్తారు. ఖాళీ క్యూసును పిడి కిందికి వచ్చేలా నిలబెట్టాలి, ముక్కు గాల్లో ఉండేలా. బాగా కుదిరిన క్యూసు పడిపోకుండా నిలుస్తుంది. మాది నిలిచింది. బరువు పిడికీ కుండకూ మధ్య సరిగ్గా పంచుకుందని దానికి అర్థం. నిండుగా ఉన్నప్పుడు కూడా ఒంటి చేత్తో మణికట్టు నొప్పి లేకుండా వంచగలగడం అందువల్లే. కొనేటప్పుడు బల్ల మీద మెత్తటి గుడ్డ వేసి, అడిగి మరీ చేయించి చూడండి. ఎవరూ నొచ్చుకోరు.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మన పాలటీకి ఇది అసలే వద్దు. మట్టి పాలను పీల్చుకుంటే ఆ వాసన వదలదు. పొయ్యి మీద పెట్టడానికి కాదు, నీళ్ళు విడిగా కాచుకోవాల్సిందే. ఇంటికి నలుగురు వస్తే 250 మిల్లీలీటర్లు ఏ మూలకూ చాలవు. వరసగా మూడు విడతలు చేస్తూ కూర్చోవాలి. ఇండియాకు తీసుకువెళ్ళేవాళ్ళు మూతను విడిగా చుట్టి, రెండూ చేతిసంచీలోనే పెట్టుకోండి. నాన్నకు కూడా ఒకటి కొనిస్తానన్నాను. "నాకు అల్లం టీయే కావాలిరా" అని వద్దన్నారు. కానీ ఆ రోజు తను అరగదీసిన కుండ ఎవరికి అమ్ముడయిందో కనుక్కోమని రెండుసార్లు ఫోనులో అడిగారు.

కనుక్కోవడానికి పోయిన నెల మళ్ళీ వెళ్ళాను, ఈసారి మా ఆవిడతో. ఆ కుండ ఇంకా అక్కడే, అమ్మకానికి పెట్టకుండా, పనిశాల కిటికీలో ఉంది. మా ఆవిడది ఎడమచేతి వాటం. పద్నాలుగు నెలలుగా కుడిచేతి క్యూసును రెండు చేతులతో పట్టుకుని అవస్థ పడుతోంది. నేను ముందే ఆలోచించాల్సిన సంగతి. ఎడమచేతివాళ్ళకు ముక్కు ఇటు నుంచి అటు మార్చి చేస్తారు, అడిగితే. కుమ్మరి మూడు రకాల పిడులు ఆమె ఎడమ చేతిలో పెట్టి చూశారు. ఆమె బొటనవేలు మూత మీద ఎక్కడ ఆనుతోందో గమనించి, ఒక చీటీ మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, పక్కన చుక్క పెట్టుకున్నారు. నాలుగు నెలలు పడుతుందన్నారు.